రుచి చూడకుండా సంతకం పెట్టిన నెల

మా ఫ్యాక్టరీలో నాకిచ్చిన కార్డు మీద ‘క్వాలిటీ చెకర్’ అని ఉండేది. ఆ మాట వాడినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి మేనేజర్ సారు దాకా అందరికీ నేను ‘తినే సారు’నే.

ఇప్పుడు మా వాడలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ అరుగు మీద నా పక్కన కూర్చుని, ‘కాకా, నీ డ్యూటీల జరిగింది ఏదన్న చెప్పు’ అని అడుగుతుంటారు. బాగా చేసిన పనుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా సరుకు లేదు. రోజూ ఒకేలా చేసిన పనిలో చెప్పేదేముంటుంది? పాడుచేసింది మాత్రం ఒకటుంది. అదే చెబుతాను.

షాద్‌నగర్ దాటాక పెద్దరోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది మా బిస్కెట్ ఫ్యాక్టరీ. పెద్దదేం కాదు. రెండు ఓవెన్లు, మూడు మిక్సర్లు, ఎనభై మంది దాకా జనం. కాజు బిస్కెట్, జీరా బిస్కెట్, కొబ్బరి బిస్కెట్, నానఖటాయి, ఉప్పూ తీపీ రెండూ తగిలే గుండ్రటి చాయ్ బిస్కెట్ అక్కడ తయారయ్యేవి. ఓవెన్ నుంచి ఒక వాయి బయటికి వచ్చిందంటే అందులోంచి నాలుగు బిస్కెట్లు నా బల్ల మీదికి రావాలి. రెండింటికి చీటీ పెట్టి నమూనా డబ్బాలో దాచాలి. ఒకదాన్ని తూచి, విరిచి, లోపల కాలిందో లేదో చూడాలి. నాలుగోది తినాలి. ఆ తర్వాత రిజిస్టర్‌లో రంగు, బరువు, కరకర, రుచి అని ఉన్న నాలుగు గళ్లు నింపి సంతకం పెట్టాలి. నా సంతకం పడితే తప్ప ప్యాకింగ్ వాళ్లు చెయ్యి పెట్టరు.

నాలుగో బిస్కెట్‌ను ఒక్క ముక్క కొరికితే చాలని నియమం. కానీ వేడివేడి నానఖటాయిని ఒక ముక్క కొరికి, మిగిలింది చెత్తబుట్టలో వేసే మనసు నాకు లేకపోయింది. పాలమూరు పక్క పల్లెలో మా నాయిన జొన్నచేను కోశాక నేల మీద రాలిన కంకులు కూడా మాతో ఏరించేవాడు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ని. కాబట్టి నాలుగోది పూర్తిగా తినేవాణ్ని. తూకానికి విరిచిన మూడోది కూడా ముక్కలై బల్ల మీద దిక్కులేకుండా పడి ఉంటుంది కదా, దాన్నీ తినేవాణ్ని. 

ఇలా పన్నెండేళ్లు గడిచాయి. నా ప్యాంట్లు వదులు చేసే టైలర్ ఒకరోజు నడుం దగ్గర కుట్టు తిప్పి చూసి, “సార్, ఇగ ఇప్పనీకి లోపల బట్ట లేదు. కొత్త ప్యాంటు కుట్టిచ్చుకోండ్రి,” అన్నాడు. అప్పుడు కూడా నేను తప్పు బట్టదే అనుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, నాకు యాభై ఐదు నిండాక, ఫ్యాక్టరీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టారు. క్యాంటీన్‌లో బల్ల వేసుకుని ఒక డాక్టరమ్మ కూర్చుంది. షాద్‌నగర్‌లోనే దవాఖాన నడిపే మనిషి. నా బరువు చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది, మళ్లీ నన్ను చూసింది.

“దినాం ఏమేం తింటరు?”

“పొద్దుగాల రెండు రొట్టెలు మేడం. పగటీలి అన్నం. రాత్రికి కొంచెం అన్నం. ఎక్కువేం తిన.”

“నడుమ నడుమ?”

“నడుమ ఏం తిన మేడం. డ్యూటీల ఉంట.”

నా వెనక వరుసలో నిలబడ్డ ఉస్తాద్ ఇక ఆగలేకపోయాడు. ఉస్తాద్ అంటే మా ఓవెన్ల పెద్ద. నాకంటే రెండేళ్లు పెద్దవాడు. చిన్నప్పటి నుంచీ బేకరీ భట్టీల ముందే పెరిగినవాడు. “మేడం, ఆయన డ్యూటీయే తినుడు,” అన్నాడు.

క్యాంటీన్ అంతా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. రేపు రెండో షిఫ్టు వాళ్ల కోసం మళ్లీ వస్తానని, ఈలోగా ఎన్ని బిస్కెట్లు తింటున్నానో ఒక చీటీ మీద గీతలు పెట్టమని చెప్పింది. ఆ రోజు గీతలు పెడుతున్నానన్న స్పృహతో కొంచెం తగ్గించే తిన్నాను. అయినా సాయంత్రానికి ముప్పై ఎనిమిది గీతలు తేలాయి.

మర్నాడు ఆమె ఆ చీటీ వెనకే లెక్క వేసింది. “ఒక్కొక్కటి చూస్తె చిన్నదే. గని అది మైదా, చక్కెర, నూనె. ఇవన్ని కలిపితె ఒక మనిషి దినమంత తినే తిండికి దగ్గర పడ్తున్నయి. డ్యూటీకి మీరొక్కరే వస్తున్నరు, ఇద్దరి తిండి తింటున్నరు,” అంది. “షుగర్ ఇంక రాలే. గడప కాడ నిలవడ్డది. మీరే లోపటికి పిల్వకుండ్రి. జర తగ్గించుండ్రి.”

ఆమె తగ్గించమంది. నేను మానేయమన్నట్టు విన్నాను. నాలాంటివాళ్లకు తగ్గించడం కంటే మానేయడమే సులువు. తగ్గించాలంటే ప్రతిసారీ మనసుతో మాట్లాడాలి. మానేస్తే ఒక్కసారి కొట్లాడి తలుపు వేసేయొచ్చు.

ఇంటికి వెళ్లి మా ఇంటామెకు సంగతి చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తూ వింది.

“తగ్గియ్యమన్నదా, మానేయమన్నదా?”

“రెండు ఒకటే.”

“ఒకటెట్లయితయి? నువ్వు తినకుంటె మంచిగున్నయో లేవో ఎట్ల చెప్తవు?”

“పన్నెండేండ్ల సంది తింటున్న. చూస్తె తెల్వదా నాకు?”

 ఆమె పెనం మీది రొట్టెను తిప్పింది.

మర్నాటి నుంచి నా నోట్లో బిస్కెట్ ముక్క పడలేదు. సోంపు గింజలు బుగ్గన పెట్టుకుని బల్ల ముందు కూర్చునేవాణ్ని. బిస్కెట్ రంగు చూసేవాణ్ని. వాసన చూసేవాణ్ని. చెవి దగ్గర పెట్టుకుని విరిచి చప్పుడు వినేవాణ్ని. ఆ తర్వాత రుచి గడిలో ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టేవాణ్ని. మొదటి రోజు పెన్ను కొంచెం ఆగింది. రెండో రోజు ఆగలేదు. తప్పుడు పని ఎంత తొందరగా అలవాటవుతుందో నాకు అప్పుడే తెలిసింది. 

మేనేజర్ సారుకు చెప్పి ఉండొచ్చు. చెప్పడానికి భయమేసింది. బిస్కెట్ తినకూడని మనిషిని ‘తినే సారు’గా ఎవరు ఉంచుకుంటారు? రిటైర్మెంట్ ఇంకా కొన్నేళ్లుంది.

నెల తిరిగేసరికి బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే ఊరుకునే మనిషిని కాదు నేను. క్యాంటీన్‌లో ఉపన్యాసాలు మొదలుపెట్టాను. ప్యాకెట్ వెనక చీమల్లాంటి అక్షరాలను కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ‘ఇందులో ఇన్ని కేలరీలు, అందులో అన్ని’ అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వినిపించేవాణ్ని. నన్ను చూసి ప్యాకింగ్ అమ్మాయిలు విరిగిన బిస్కెట్లు కొంగు చాటున దాచుకుని తినాల్సి వచ్చేది.

నా మాట లెక్కచేయని మనిషి ఒక్కతే ఉండేది. మిక్సర్ దగ్గర పిండి కలిపే ఆమె. పక్క ఊరి నుంచి రోజూ ఆటోలో వచ్చేది. నాకంటే చాలా చిన్న. నన్ను ‘అన్నా’ అని పిలిచేది. చాయ్ విరామంలో గోడవారన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఒకే ఒక్క బిస్కెట్ తీసుకుని, చాయ్‌లో అద్దుకుంటూ విరామం అయ్యేదాకా తినేది. ఒకరోజు నేను ఆమె ముందు నిలబడి, “గా ఒక్కదాంట్ల ఎన్ని కేలరీలున్నయో ఎరికేనా?” అని అడిగాను.

“ఎన్నున్నా ఒక్కదాంట్ల ఉన్నన్నే ఉంటయి గదన్నా,” అంది. “నేను దినానికొకటే తింట. కూసోని తింట. నువ్వు గన్ని తిన్నవు గద, ఎన్నడన్న కూసోని తిన్నవా?”

 కేలరీల సంగతి నీకేం తెలుసులే అన్నట్టు తలాడించి వచ్చేశాను.

అదే వారం నారాయణపేట నుంచి ఒక పెళ్లికి చాయ్ బిస్కెట్లకు ఆర్డర్ వచ్చింది. చుట్టాలు దిగిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా చాయ్‌తో పాటు పంచడానికి ఇరవై డబ్బాలు కావాలన్నారు. ఆ పిండి షిఫ్టు మారే వేళకు మిక్సర్‌లో ఉంది. ఓవెన్ నుంచి వచ్చిన బిస్కెట్లను చూశాను. రంగు బంగారంలా ఉంది. విరిస్తే చక్కగా పలికింది. ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టాను.

పెళ్లయిన రెండో రోజు పెళ్లికూతురి మేనమామ ఒక డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. కోపంగా ఉన్నట్టు కూడా లేడు. ఆఫీసు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, “సార్, జర చాయ్ తెప్పియ్యుండ్రి,” అన్నాడు. చాయ్ వచ్చింది. డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసి, చాయ్‌లో అద్ది, మేనేజర్ సారు చేతికిచ్చాడు. “తినుండ్రి.”

మేనేజర్ సారు మర్యాదకు మొత్తం నోట్లో వేసుకున్నాడు. నమలడం మొదలుపెట్టి ఆపేశాడు. ఉమ్మడానికి లేదు, మింగడానికి లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మగపెండ్లోల్ల దిక్కు పెద్దమనిషి ఒకాయన అన్నడు సార్,” అన్నాడు మేనమామ. “‘ఉప్పు తిన్నోల్లు ఇశ్వాసంగ ఉండాల్నంటరు. మీరు మొదటి పూటనే జన్మకు సరిపడ పెట్టిండ్రు. ఇగ మీ పిల్లను మేమేమన్న అనగల్గుతమా’ అని.”

ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు. ఎందుకంటే మేనేజర్ సారు గ్లాసెడు నీళ్లు తాగి, మొదట అడిగింది నా రిజిస్టరే.

“రుచి బాగుందని రాసినవు. తిన్నవా?”

“తిన్న సార్. నేను తిన్నది మంచిగనే ఉండె.” ఆ మాట అక్కడితో ఆపి ఉంటే కూడా బాగుండేది. ఆపలేదు. “పిండి సక్కగ కలవలేదేమో సార్. ఉప్పు ఒక్క దిక్కే ఉండిపోయి ఉంటది,” అన్నాను.

నమ్మదగ్గ మాటే. అందుకే అది అంత చెడ్డ మాట. మిక్సర్ దగ్గరి ఆమెను పిలిపించారు. ఆమె చేతికి అంటిన పిండి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. సారు చెప్పిందంతా వింది.

“పదేండ్ల సంది కలుపుతున్న సార్. ఎన్నడన్న కలవకుంట పోయిందా?” అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది. “నువ్వు తిన్నవా అన్నా?”

“తిన్న,” అన్నాను.

 అందరూ చూస్తుండగానే ఆమెను మిక్సర్ దగ్గర్నుంచి తీసి వెనక షెడ్డులో ట్రేలు కడిగే పనికి పంపారు. పెళ్లివాళ్లకు క్షమాపణ చెప్పి, కొత్త డబ్బాలిచ్చి సాగనంపారు.

ఆ పూటా మర్నాడూ నాకు అన్నం సహించలేదు. వెనక షెడ్డు నుంచి ట్రేలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు నా బల్ల దాకా వినిపించేది. మా ఇంటామె రెండు పూటలు చూసి, మూడో పూట కంచం ముందు కూర్చోబెట్టి అడిగింది. మొత్తం చెప్పాను. ఆమె అరిచే రకం కాదు.

“బిస్కెట్ బంద్ జేసినవు, అబద్దం షురూ జేసినవు,” అంది. “ఏది మంచిగుండె?”

మర్నాడు పొద్దున అందరికంటే ముందే వెళ్లి నమూనా డబ్బాల బీరువా తెరిచాను. పెళ్లి బిస్కెట్ల చీటీ ఉన్న డబ్బా తీశాను. రెండు బిస్కెట్లూ పెట్టినట్టే ఉన్నాయి. ఇంత గొడవలో ఎవరికీ అవి గుర్తు రాలేదు. ఒకదాన్ని విరిచి నోట్లో పెట్టుకున్నాను. నెల తర్వాత నేను తిన్న మొదటి బిస్కెట్ అదే. ఉప్పు నాలుకను పట్టుకుని లాగింది. చుట్టూ అంచులూ, నడిమీ కొరికి చూశాను. ఎక్కడ చూసినా ఒకటే ఉప్పు. అంటే పిండి చక్కగా కలిసింది. ఆమె కలపడంలో లోపమే లేదు. ఉప్పే ఎక్కువ పడింది. ఆ రోజు ఆ బల్ల దగ్గర ఒక్క ముక్క కొరికి ఉంటే ఎవరికైనా తెలిసిపోయేది.

రెండో బిస్కెట్ చేతిలో ఉంది. పాత నమూనాలు పారేసే పని కూడా నాదే. అది పారేస్తే ఇక అడిగేవాడు లేడు. అలా అనుకోలేదని చెబితే మీకు ఇంకో అబద్ధం చెప్పినట్టవుతుంది.  అయినా దాన్ని కాగితంలో చుట్టుకుని మేనేజర్ సారు గదికి వెళ్లాను.

“మల్ల నాకే తినిపిస్తవా?” అన్నాడాయన, పొట్లం చూసి.

“తినకుండ్రి సార్. చూడుండ్రి సాలు. నేను ఆ దినం తినలే. నెల దినాల సంది ఒక్కటి గూడ తినలే.”

 చాయ్ విరామంలో అందరి ముందూ చెప్పనివ్వమని నేనే అడిగాను. ఆమెను అందరి ముందే పంపారు కాబట్టి నేను చాటుగా ఒప్పుకుంటే సరిపోదు. వెనక షెడ్డు నుంచి ఆమెను కూడా పిలిపించారు. మోచేతుల దాకా తడితో వచ్చి గుంపు చివర నిలబడింది.

ఏం మాట్లాడాలో అనుకుని వెళ్లినవన్నీ మర్చిపోయాను. “నేను తినకుంటనే సంతకం పెట్టిన. తప్పు నాది. పిండి మంచిగనే కలిసింది. ఆమెది తప్పు లేదు. నన్ను తిన్నవా అని అడిగితె తిన్న అని అబద్దం చెప్పిన,” అన్నాను. అంతే. నెల రోజులు దాచింది నాలుగు ముక్కల్లో అయిపోయింది.

 అప్పుడు మొదటి షిఫ్టులో మిక్సర్ చూసే అతను గొంతు సవరించుకున్నాడు. “సార్, నాది గూడ ఉన్నది. ఆ దినం నేను పోయేటప్పుడు ఉప్పు ఏసే పోయిన. మిక్సర్ కాడి పలక మీద రాయలే. బస్సు పోతదని ఉరికిన. అక్క వచ్చి ఎయ్యలేదనుకోని మల్ల ఏసినట్టున్నది.”

మేనేజర్ సారు నుదురు పట్టుకున్నాడు. “ఇంకెవలన్న ఉన్నరా? ఉంటె ఇయాల్నే చెప్పుండ్రి. దినానికొకలు వద్దు,” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నవ్వు మెల్లగా అందరికీ పాకింది. ఆమె మాత్రం నవ్వలేదు. 

తప్పు ఎక్కడైనా జరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికే నాకు జీతమిచ్చేవాళ్లు. నేనూ అదే చెప్పాను సారుకు. ఆమెను వెంటనే మిక్సర్ దగ్గరికి పంపమని, ఆ ట్రేలు నేను కడుగుతానని అడిగాను. ఆయన ఒక మెమో ఇచ్చి, నన్ను నెల రోజులు ట్రేల దగ్గరికి పంపాడు. అన్నాళ్లూ రుచి చూసే పని ఉస్తాద్‌కు అప్పగించాడు.

ట్రేలు కడగడం ఎంత కష్టమో అంతవరకూ నాకు తెలియదు. మూలల్లో మాడి అంటుకున్న చక్కెర పాకం వేడినీళ్లకు కూడా లొంగదు. సాయంత్రానికి భుజాలు లేచేవి కావు. ఒంట్లో కొవ్వు తగ్గాలంటే సోంపు గింజల కంటే ఆ ట్రేలే మేలని ఎవరికైనా చెప్పగలను. ఆమె నా పక్క నుంచే మిక్సర్‌కు నీళ్లు పట్టుకుపోయేది. మాట్లాడేది కాదు. అడిగిందానికి కూడా సమాధానం తల ఊపడమే.

ఆ నెలలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. బరువు తగ్గినందుకు మెచ్చుకుని, ఎలా తగ్గానో విని తల పట్టుకుంది. “మానేయమని నేనెప్పుడన్న?” అని అడిగింది. “రుచి చూసుడు మీ పని. ఒక చిన్న ముక్క నోట్ల పెట్టుకోండ్రి, నమిలి, రుచి చూసి ఊసెయ్యండ్రి, నోరు కడుక్కోండ్రి. పెద్ద పెద్ద కంపెనీలల్ల గట్లనే చేస్తరు. దినానికి ఒక్క బిస్కెట్ మట్టుకు మీ కోసం తినుండ్రి. ఆ దినం చాయ్‌ల చక్కెర బంద్ పెట్టుండ్రి, రొట్టె ఒకటి తగ్గించుండ్రి. మనిషి ఇష్టమైంది పూరాగ మానేస్తె ఎక్కడో కాడ దొంగతనం షురూ అయితది. మీ తాన సంతకంల షురూ అయ్యింది.”

ఆ మాట మీద ఉస్తాద్‌ను పట్టుకున్నాను. రుచి చూడటం నాకు నేర్పమన్నాను. పన్నెండేళ్లు ఆ పేరు మీద బతికినవాడు అడగాల్సిన మాట కాదు. ఆయన ఎగతాళి చేయలేదు. భట్టీ చల్లారే వేళ, ఒక చాయ్ బిస్కెట్‌ను నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క నా నాలుక మీద పెట్టించాడు.

“కండ్లు మూస్కో. నమలకు. ఏమొచ్చింది?”

“తీపి.”

“అది అందరికొస్తది. ఆగు.”

ఆగాను. తీపి పల్చబడింది. దాని వెనక నుంచి, నాలుక పక్కల నుంచి, ఉప్పు మెల్లగా వచ్చింది. 

“ఇగ నమలు.”

నమిలాను. వేగిన పిండి వాసన లేచింది. ఎక్కడో అడుగున ఏలకుల రుచి ఉంది. మా చాయ్ బిస్కెట్‌లో ఏలకులు వేస్తారని కాగితం మీద నాకు తెలుసు. నోటికి తెలిసింది ఆ రోజే. పావు బిస్కెట్ నా నోట్లో అంతసేపు ఉండటం అదే మొదటిసారి. ఇన్నేళ్లుగా ఒకటి మింగుతూ రెండోదాని వైపు చూస్తుండేవాణ్ని. ముప్పై ఎనిమిదిలో దొరకనిది పావు ముక్కలో దొరికిందని చెబితే మీరు నమ్మకపోవచ్చు. ఒకసారి చేసి చూడండి. 

ఇప్పటికీ నా షుగర్ ఆ గడప దగ్గరే ఉంది. పండక్కి మా ఇంటామె చేసే తీపి గరిజెలు కూడా మానలేదు. ఒకటి తింటాను, ఆ పూట అన్నం సగం పెట్టుకుంటాను. మీలో చాలామంది ఫోన్‌లో కేలరీలు లెక్కబెట్టుకుంటున్నారు. మంచిదే. నేను కూడా లెక్క మానలేదు. కానీ లెక్క చూసి భయపడి, పనిలో దొంగగా మారకండి. తినాలనిపిస్తే తిన్నానని చెప్పి తినండి. తినకపోతే తినలేదని చెప్పండి. ఈ రెండింటికీ పెద్దగా ఖర్చు లేదు.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నెల తర్వాత నేను మళ్లీ బల్ల దగ్గరికి వచ్చిన మొదటి రోజు సంగతి.

ఆ రోజు మొదట వచ్చింది చాయ్ బిస్కెట్ల వాయి. మామూలుగా నమూనా బిస్కెట్లు ఓవెన్ దగ్గరి వాళ్లు తెచ్చిపెడతారు. ఆ రోజు మిక్సర్ దగ్గరి ఆమె స్వయంగా పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. పెట్టి వెళ్లిపోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. దూరంగా భట్టీ దగ్గర ఉస్తాద్ పని ఆపి ఇటే చూస్తున్నాడు.

రంగు చూశాను. తూచాను. విరిచాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పావు ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. తీపి వచ్చింది. ఆగాను. ఇంకా ఆగాను. రావాల్సింది రాలేదు. ఇంకో పావు పెట్టుకున్నాను. మళ్లీ అంతే.  నెల రోజుల తర్వాత మొదటి వాయికే వంక పెడితే, పగబట్టి పెట్టాడనుకుంటుంది. వంక పెట్టకపోతే మళ్లీ తప్పుడు సంతకం. కళ్లు తెరిచి చూశాను. ఆమె కదలకుండా నన్నే చూస్తోంది.

“ఉప్పు తక్కువున్నదమ్మా,” అన్నాను. “తక్కువ గాదు. లేనే లేదు.”

ఆమె పెదాలు బిగబట్టింది. మరుక్షణం నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడ ఉస్తాద్ పగలబడి నవ్వుతున్నాడు.

“ఎయ్యలేదు,” అంది. “ఒక్క ట్రేకు సరిపడ పిండి పక్కకు తీసి ఉప్పు లేకుంట కాల్పిచ్చిన. తింటున్నవో, సంతకమే పెడ్తున్నవో సూద్దమని.”

అసలు వాయిలోవి వేరే పళ్లెంలో తెచ్చి నా ముందు పెట్టింది. ఆ ఉప్పులేని ట్రేను చాయ్ విరామంలో అందరం పంచుకున్నాం. నేను ఒక్కటే తీసుకున్నాను. ఎక్కడ కూర్చోవాలా అని అటూ ఇటూ చూస్తుంటే, గోడవారన కూర్చున్న ఆమె పక్కనున్న ఇంకో డబ్బాను బోర్లించి, అరచేత్తో దుమ్ము దులిపింది.

“రా అన్నా,” అంది. “కూసోని తిను.”